నెత్తిమీది ఉత్తర్వు

ఏడు సముద్రాల అవతలి కథలు మీరు చాలా విని ఉంటారు. ఇది రెండు సముద్రాల కథే, కాస్త దగ్గర. స్పెయిన్ రాజుగారికి అంత దూరాన ఒక కొండదేశం ఉండేది. ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు. చూడకపోయినా ఏలడానికి ఇబ్బందేమీ లేదు, ఉత్తర్వులు రాసి పంపేవాడు. ఉత్తర్వు ఓడెక్కి, ఓడ దిగి, కంచరగాడిద ఎక్కి, కొండలెక్కి, ఆ దేశపు రాజధాని సాన్ బెనితో చేరేసరికి ఏడాది పట్టేది. ఈలోగా ఉరి తియ్యమన్న దొంగ ముసలివాడై మనవల మధ్య పోయేవాడు. వంతెన కట్టమన్న ఏరు విసుగెత్తి పక్కకి జరిగేది.

అందుకని అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఉత్తర్వు రాగానే అధికారి లేచి నిలబడి, టోపీ తీసి, కాగితాన్ని రెండు చేతులా అందుకుని, ముద్ర మీద ముద్దు పెట్టుకుని, నడినెత్తిన పెట్టుకునేవాడు. పెట్టుకుని, "ప్రభువుల వారి ఆజ్ఞను శిరమున దాల్చితిమి. నెరవేర్చుటకు మాత్రము ఇది సమయము కాదని మనవి" అని గట్టిగా పలికేవాడు. తరవాత కాగితం దించి పక్కగదిలో పెట్టి భోజనానికి వెళ్ళేవాడు. ఇది ఎగతాళి కాదు, చట్టమే. పెళ్ళివారింట్లో పెద్దమావయ్యగారి మాటకి అందరూ తలూపుతారు, వంటవాడు మాత్రం తనకి తెలిసినట్టే వండుతాడు చూడండి, అలాగన్నమాట. ఎవరి మర్యాదా పోదు, పప్పూ మాడదు.

ఇలా నూట పదమూడేళ్ళు సుఖంగా నడిచింది. అప్పుడు దోన్ గాస్పార్ ఇలారియో దె వల్దెమోరా అనే ఆయన వైస్రాయిగా వచ్చారు. వైస్రాయి అంటే రాజుకి బదులు కూర్చునేవాడు. పేరు పలికేసరికి పొయ్యి మీది పాలు పొంగిపోతాయి కాబట్టి నేను దొరగారు అనే అంటాను.

దొరగారి పూర్వవృత్తాంతం చెప్పాలి. స్పెయిన్‌లో కొందరు గొప్పవాళ్ళకి రాజు ఎదుట టోపీ తియ్యకుండా నిలబడే హక్కు ఉండేది. ఎవరు టోపీ ఉంచుకోవాలి, ఎవరు తియ్యాలి, ఎవరు సగం తీసి మళ్ళీ పెట్టుకోవాలి అని చూసే ఉద్యోగం దొరగారిది. పదిహేడేళ్ళలో ఒక్క టోపీ తప్పు జరగలేదు. ఒకసారి దర్బారు మధ్యలో కప్పు ఊడి పడ్డప్పుడు కూడా అందరూ వరసక్రమంలోనే పరుగెత్తారట. ఇంత సమర్థుడికి దేశం అప్పగించకపోతే ఎలా అని రాజు ఈయన్ని పంపించాడు.

దొరగారు వచ్చిన మూడోనాడు పక్కగది తెరిపించారు. నేల నుంచి కప్పు దాకా కాగితాలే. ఎలుకలు తరతరాలుగా అక్కడే కాపురాలు చేస్తున్నాయి. దొరగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, రాయసం రాసే లూకాస్‌ని పిలిచారు. లూకాస్ బక్కపల్చటి మనిషి. ఐదుగురు వైస్రాయిల దగ్గర పనిచేశాడు గనక దేనికీ ఆశ్చర్యపోడు.

"ఇవి ఏమి?" అన్నారు దొరగారు.

"విధేయత, ఏలినవారూ."

"ఒక్కటియు నెరవేరలేదా?"

"ఒకటి నెరవేరిందండి. కొత్తగా వచ్చినాయన, పద్ధతి తెలియక చేశాడు. తరవాత చాలా బాధపడ్డాడు."

దొరగారు ఆ గదిలోనే అటూ ఇటూ తిరిగారు. ఇంకొకరైతే ఆ కాగితాలు చదివేవారేమో. ఆయన చదవలేదు. ఆయనకి తెలిసింది తలలు. తలల సంగతే ఆలోచించారు.

"లోపము ఎచ్చట నున్నదో కనుగొంటిమి. ఆజ్ఞను శిరమున దాల్చుటలో లోపము లేదు. దించుటలో నున్నది. దించకున్నచో ఎవడు మరువగలడు? ఇక మీదట ప్రతి ఉత్తర్వును, అది నెరవేరు పర్యంతము, స్వీకరించినవాడు శిరముననే ఉంచుకొనవలెను. రాయుము."

లూకాస్ రాశాడు. రాసి, ముద్ర వేయించి, ముద్దు పెట్టుకుని నెత్తిన పెట్టుకున్నాడు. దించబోతుంటే దొరగారు గుడ్లురిమారు. అలా సంస్కరణ మొదలైంది.

మొదటి వారం అందరూ నవ్వుకున్నారు. రెండో వారం నవ్వు మానేశారు, నవ్వితే కాగితం జారుతోంది. జారితే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. రాజాజ్ఞ నేలపాలు కావడం రాజద్రోహమని తేల్చారు. చేత్తో పట్టుకుంటే? రాజు మాట మీద చెయ్యి వెయ్యడమే, అదీ ద్రోహమే. రిబ్బనుతో గడ్డం కింద కట్టుకుంటే? రాజు మాటని బంధించినట్టు. పాపం ఖజానా అధికారి ఒకాయన తేనె రాసి అంటించుకున్నాడు. చీమలు పట్టి ఆయనే తప్పు ఒప్పేసుకున్నాడు.

ఇక ఒకదాని మీద ఒకటి వచ్చాయి. కచేరీల్లో తుమ్ము నిషేధం. నమస్కారానికి తల వంచడం రద్దు, బదులుగా కనుబొమలు ఎగరేస్తే చాలు. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు న్యాయమూర్తులు కనుబొమలు ఎగరేసుకుంటుంటే చూసిన కొత్తవాళ్ళు అపార్థం చేసుకునేవారు. గుమ్మాలు ఎత్తు పెంచారు. గుర్రాలు మానేశారు. పడుకుంటే కాగితం పడుతుందని గోడకి కుర్చీ వేసుకుని కూర్చునే నిద్రపోయేవారు. వంగాలంటే మోకాళ్ళు మడిచి, మెడ నిలువుగా ఉంచి దిగవచ్చు గదా అని ఒక చిన్న గుమస్తా అడిగాడు. బిషపుగారు వెంటనే ఖండించారు. అధికారి మోకాళ్ళు దేవుడివి, రాజుగారివి. గుడిలో తప్ప, రాజు ఎదుట తప్ప మడవకూడదు. గుమస్తాని బదిలీ చేశారు.

ఇదంతా పైపేట సంగతి. సాన్ బెనితోలో కిందిపేట అని ఇంకొకటి ఉంది. అక్కడ ఉండేది కుమ్మరులు. అక్కడ పెట్రోనా అనే ఆవిడ ఉండేది. అరవై ఏళ్ళు దాటాయి, నోరు పదును, కుడిమోకాలు నొప్పి. కొడుకు అన్సెల్మో, కోడలు ఇనేస్. ఇనేస్‌కి ఏడో నెల.

ఆరేళ్ళ కిందట కొండచరియ విరిగి కిందిపేటకి నీళ్ళు తెచ్చే కాలువ మీద పడింది. కట్ట తెగి, నీళ్ళన్నీ అవతలి బండల్లోకి పోతున్నాయి. అప్పటినుంచి ఆడవాళ్ళు లోయలోకి దిగి, ఏట్లో ముంచుకుని, నెత్తిన కుండతో మళ్ళీ ఎక్కి వస్తున్నారు. లోయదారి ఒక మనిషి పట్టేంతే. వానలు మొదలైతే జారుతుంది. కిందటేడు వానల్లో పెట్రోనా పొరుగావిడ గ్రెగోరియా కుండతో సహా పోయింది. మనిషి దొరికింది గాని ప్రాణం లేదు. వానలకి ఇంకా రెండు నెలలుంది. ఇనేస్ పురుటికీ రెండు నెలలే ఉంది.

"నువ్వు దిగకే, నేను తెస్తాను," అనేది పెట్రోనా.

"ఆ మోకాలితోనా అత్తా? నిన్ను తేవడానికి మళ్ళీ నేను దిగాలి," అనేది ఇనేస్.

ఇద్దరూ పోట్లాడుకుని, చివరికి ఇద్దరూ దిగేవారు.

ఇలా ఉండగా ఒకనాడు పైపేట నుంచి పెట్రోనాకి పిలుపొచ్చింది. దొరగారి ఎదుట ఆ ఉదయమే ఒక న్యాయమూర్తి మెట్లు దిగుతూ ముప్ఫై ఒక్క ఉత్తర్వులు జార్చుకున్నాడు. కంగారు పడ్డ దొరగారు కిటికీలోంచి చూస్తే, కిందిపేట ఆడవాళ్ళు నిండుకుండలతో, చేతులు ఊపుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ పోతున్నారు. ఒక్క చుక్క తొణకడం లేదు. ఈ విద్య తెలిసినవాళ్ళలో పెద్దది ఎవరని వాకబు చేస్తే పెట్రోనా పేరు చెప్పారు.

పెద్ద హాల్లో దేశపు అధికారులందరినీ వరసగా నిలబెట్టారు. పెట్రోనా చుట్టూ తిరిగి చూసింది.

"మెడలు అలా బిగబట్టారేంటి బాబూ, ఎవరో నులిమినట్టు. కళ్ళు దూరంగా పెట్టండి. గోడ అవతల ఏదో ఉన్నట్టు చూడండి. ఆఁ, మీరు, పొట్టాయన, ఊపిరి పీల్చుకోండి, పోతారు. నడుం నడవాలి, తల నడవకూడదు. కిందికి మాత్రం చూడకండి. కిందికి చూశారా, కుండ పోయినట్టే."

న్యాయమూర్తులు, ఖజానా పెద్దలు, ఫిరంగుల కెప్టెను, అందరూ గోడ అవతలికి చూస్తూ నడుము తిప్పుకుంటూ నడిచారు. సాయంత్రానికి ఒక్క కాగితం పడలేదు. దొరగారి కళ్ళు చెమర్చాయి.

"ఏమి కోరుకొందువు?"

పెట్రోనా ఒక్కటే కోరింది. "మా కాలువ బాగుచేయించండి దొరా. వానలకి ముందే. నా కోడలు నీళ్ళోసుకుంది, ఆ లోయలోకి దిగుతోంది."

"ఇంత చిన్న కోరికయా," అన్నారు దొరగారు. అక్కడికక్కడే ఉత్తర్వు పుట్టింది. కాలువల అధికారి దోన్ మాతియాస్ ముందుకొచ్చి, అందుకుని, ముద్దు పెట్టుకుని నెత్తిన పెట్టుకున్నారు. ఆయన నెత్తిన అప్పటికే మూరెడు కాగితాలున్నాయి. ఇది వాటి పైన కూర్చుంది. పెట్రోనా ఇంటికి పరుగెత్తుకెళ్ళి, కాలువ వస్తోందని కోడలితో చెప్పింది. తొందరపడిందని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మూడు వారాలైనా ఎవరూ రాలేదు. పెట్రోనా దోన్ మాతియాస్ ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద నిలబడి సూప్ తాగుతున్నారు. సేవకుడు పొడుగాటి గరిటెతో కింది నుంచి అందిస్తున్నాడు.

"ఏమయ్యిందండీ మా కాలువ?"

"మహోత్సాహముతో జరుగుచున్నది. ఇదిగో, చూడుము." కళ్ళు పైకి తిప్పి నెత్తి వైపు చూపించారు.

"అది కాగితమండీ. కాలువ కొండ మీద ఉంది."

"అమ్మా, నీకు పరిపాలన తెలియదు. నేను కాలువను పరిశీలింపవలెనన్నచో కిందికి చూడవలెను. కిందికి చూచినచో ఆజ్ఞ పడును. ఆజ్ఞ పడినచో దేని మూలమున కాలువ బాగుచేయుట? అందుచేత నా కిందివానికి నకలు ఇచ్చితిని. అతడు మేస్త్రీకి ఇచ్చెను. మేస్త్రీ నలుబది మంది కూలీలకు తలకొక నకలు ఇచ్చెను, అన్నియు లూకాస్ వ్రాసి రాజముద్ర వేసినవే. ఇపుడు నలుబది రెండు తలలు నీ కాలువ పనిలోనే ఉన్నవి, నాది గాక."

"అయితే పని మొదలెట్టారా?"

"ఒక్కటియు పడలేదు," అన్నారు ఆయన గర్వంగా.

ఇంకేవో నకళ్ళు రాసి తెస్తున్న లూకాస్ బయట ఆవిడని ఆపి అసలు సంగతి చెప్పాడు. పైపేటలో ఇప్పుడు మనిషి గొప్పతనం నెత్తిమీది ఎత్తుని బట్టి. విందులో మూరెడు ఉన్నవాడు ముందు కూర్చుంటాడు, బెత్తెడు ఉన్నవాడు తలుపు దగ్గర. దోన్ మాతియాస్ తన పిల్లని మూరన్నర ఉన్న న్యాయమూర్తి కొడుక్కి ఇవ్వాలని మాట్లాడుతున్నాడు.

"ఒక పని పూర్తయితే ఒక కాగితం దిగిపోతుందమ్మా. ఏ తండ్రి చేస్తాడు?"

మర్నాడు పెట్రోనా కొండెక్కింది. కాలువ తెగినచోట నలభై మంది కిందిపేట మగవాళ్ళు వరసగా నిటారుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో పారలు, నెత్తిన కాగితాలు. మధ్యలో ఆవిడ కొడుకు అన్సెల్మో. మేస్త్రీ రూఫీనో ఒక బండ మీద నిలబడి దూరంగా మేఘాల వైపు చూస్తూ, "సెబాష్, అలాగే, అలాగే," అంటున్నాడు.

"ఏరా, ఎన్నాళ్ళయింది ఇలా?"

"పన్నెండ్రోజులమ్మా. వంగితే కాగితం పడుద్ది. పడితే పాతిక కొరడా దెబ్బలు. నిన్న తోమాస్‌కి వేశారు. దురద పుట్టి గోక్కున్నాడు."

"మోకాలు మడిచి దిగరా, నేను నేర్పలేదా నీకు చిన్నప్పుడు?"

"మోకాళ్ళు రాజుగారివంటమ్మా."

పెట్రోనా అక్కడే రాయి మీద కూలబడింది. కొడుకు నిలబడ్డవైపు చూసింది. పారలవైపు చూసింది. రూఫీనో కళ్ళవైపు చాలాసేపు చూసింది. అవి మేఘాల్లోనే ఉన్నాయి. తను నేర్పిన పాఠమే, గోడ అవతల ఏదో ఉన్నట్టు.

"రూఫీనో బాబూ," అంది.

"ఎవరది? నడుం పైన కనిపించేలా నిలబడు."

"నేను కూర్చున్నానులే. ఇక్కడ కూర్చుంటే నీకు కనబడనా?"

"నాకు నేల కనబడి నెల దాటింది."

ఆ మాట పట్టుకుని పెట్రోనా కొండ దిగింది. కిందిపేటలో ఆడవాళ్ళని పోగేసింది. "మన నెత్తిన ఉత్తర్వు లేదు. మనం వంగొచ్చు," అంది. ఉత్తర్వు లేకుండా ప్రభుత్వపు కాలువ ముట్టుకుంటే నేరం కదా అని ఒకావిడ అడిగింది. "చూస్తే కదా నేరం. నడుం కంటే ఎత్తు లేవకండి, అంతే," అంది పెట్రోనా.

మర్నాటి నుంచి ముప్ఫై మంది ఆడవాళ్ళు చతికిలబడి, పాకుతూ, వంగి, మట్టి తవ్వారు. మగవాళ్ళ చేతుల్లోంచి పారలు తీసుకుంటే వాళ్ళు వేళ్ళు వదిలారు. పారలు దించకూడదని ఏ కాగితంలోనూ లేదు. కుమ్మరి ఆడవాళ్ళకి మన్ను కొత్తా? బంకమన్ను తొక్కి, రాళ్ళు పేర్చి, సందులు మెత్తారు. మగవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. వంగకూడదు గాని నోటి మీద కాగితం లేదు గదా. "ఆ రాయి ఇటు తిప్పు," "అలా కాదు, అడుగున గులకరాళ్ళెయ్యండి," "మా నాన్న అయితేనా," అని నలభై మందీ నిలబడి సలహాలు చెప్పారు. ఆడవాళ్ళు పని చేస్తుంటే నిలబడి చెప్పడానికి ఏ దేశంలోనూ ఉత్తర్వు అక్కర్లేదు.

ఇనేస్‌ని రావద్దన్నారు. ఆవిడ వచ్చింది. బంకమన్ను ముద్దలు చేసి అందిస్తూ కూర్చుంది.

మేస్త్రీ రూఫీనో రోజూ పైకి నివేదిక పంపేవాడు. "కనుచూపు మేర అక్రమము లేదు. ఆజ్ఞలు నలుబదియు సుస్థిరముగా నున్నవి." దొరగారు ఆ నివేదికలు చదివించుకుని విని, రాజుగారికి రాశారు. ఈ దేశమున ఇపుడు ఒక్క రాజాజ్ఞయు కింద లేదు, అని.

పదకొండో నాటికి చివరి బండ కదిలింది. ఆ రోజే పైపేటలో పండగ ఊరేగింపు. దొరగారు పందిరి కింద, వెనక న్యాయమూర్తులు, బిషపుగారు, దోన్ మాతియాస్, అందరూ నెత్తిన కాగితాల గోపురాలతో, కళ్ళు దూరాన నిలిపి, నడుము తిప్పుకుంటూ వీధిలో నడుస్తున్నారు. ఆరేళ్ళు మూతబడ్డ పాత కాలువ ఆ వీధికి అడ్డంగానే పోతుంది. నీళ్ళు గలగలమంటూ వచ్చి, చెత్త అడ్డం పడి, కాసేపు పొంగి వీధిన పడ్డాయి.

దొరగారి మేజోళ్ళు తడిశాయి.

"లూకాస్, నా పాదములకు ఏమో తగులుచున్నది."

"చల్లగా ఉందాండి?"

"చల్లగానే యున్నది. అది ఏమి?"

లూకాస్ కూడా దొరగారిలాగే ఎదురుగా చూస్తున్నాడు. "చూడాలంటే తల వంచాలండి."

దొరగారు ప్రధాన న్యాయమూర్తిని అడిగారు. ఆయన, కంటితో చూడనిదానిపై అభిప్రాయము చెప్పుట న్యాయము కాదన్నాడు. బిషపుగారు, దైవానుగ్రహము పలువిధములన్నారు. దోన్ మాతియాస్‌ని అడిగితే ఆయన ముఖం పాలిపోయింది. కాలువల మనిషి కదా, బూటులోకి వచ్చింది ఏమిటో వేళ్ళకి తెలుసు. అది నీరని ఒప్పుకుంటే కాగితం ఒకటి దిగిపోతుంది.

"ఏమియు లేదు ఏలినవారూ. ఊరేగింపుల్లో ఇది మామూలే," అన్నారు. అందరూ తపతపమని నీళ్ళలో అడుగులు వేసుకుంటూ గుడికి వెళ్ళారు. ఆ సాయంత్రం పైపేటలో చాలామందికి జలుబు చేసింది. తుమ్ము నిషేధం కాబట్టి ఎవరికీ చేసినట్టు రాయలేదు.

కిందిపేట కుంటలో నీళ్ళు నిండాయి. రెండు వారాలకి మొదటి వాన పడింది. లోయదారి సగం ఊడి ఏట్లోకి పోయింది. ఆ దారిన ఎవరూ లేరు. మూడో వానకి ఇనేస్‌కి ఆడపిల్ల పుట్టింది. గ్రెగోరియా అని పేరు పెట్టారు.

కాలువ బాగుచేయు ఉత్తర్వు మాత్రం అలాగే నలభై మూడు నెత్తుల మీద ఉండిపోయింది. ఎవరికీ అభ్యంతరం లేదు. దోన్ మాతియాస్ కూతురి పెళ్ళి కూడా అయింది.

ఆపైన రెండేళ్ళకి రాజుగారి జవాబొచ్చింది. ఇంతటి ప్రజ్ఞావంతుడు దర్బారులో ఉండవలెను, తక్షణమే బయలుదేరవలెను, అని. దొరగారు లేచి నిలబడి, ముద్దు పెట్టుకుని, నెత్తిన పెట్టుకుని బయలుదేరారు. ఊరు దాటగానే కొండలో తొలిచిన సొరంగం ఉంది, ఛాతీ ఎత్తే ఉంటుంది. గుమ్మాలు పెంచారు గాని కొండని పెంచలేరు. దొరగారు దాని ఎదుట ఆగిపోయారు. తల వంచితే ఉత్తర్వు పడుతుంది. వంచకపోతే ఉత్తర్వు నెరవేరదు. నెరవేరితే గాని దించకూడదు. నాలుగు రోజులు అక్కడే గుడారం వేసుకున్నారు. ఎవరి చట్టం వాళ్ళ గుమ్మంలో కూర్చుంటే అంతే.

ఐదో నాడు పెట్రోనా అవతలి ఊరికి కుండలు తీసుకుని అటే వచ్చింది. నెత్తిన మూడు కుండలు, ఒకదాని మీద ఒకటి. సొరంగం ముందు ఆగి, పై రెండూ దించి చంకల్లో పెట్టుకుని, మోకాళ్ళు మడిచి, మెడ కదలకుండా, "అమ్మా, నా మోకాలు" అనుకుంటూ లోపలికి పోబోయింది. దొరగారు పిలిచారు.

"నిలువుము. నా మోకాళ్ళు నావి కావు. రాజుగారివి."

పెట్రోనా జాలిగా చూసింది.

"మీరు వెళ్ళేది ఆయన దగ్గరికే గదా బాబూ. ఎవరివి వాళ్ళకి తీసుకెళ్ళి అప్పజెప్పండి."

దొరగారు చాలాసేపు ఆలోచించారు. న్యాయంగానే తోచింది. స్పెయిన్ రాజు ప్రతినిధి, కొండదేశపు ఏలిక, గొంతుక్కూర్చుని బాతులా నడుచుకుంటూ సొరంగంలోకి వెళ్ళిపోయారు. ఒక్క కాగితం కూడా పడలేదట. నేను దానికి ఆయన్ని మెచ్చుకుంటాను.

కొత్త వైస్రాయి వచ్చాడు. కుర్రాడు, తల తేలిగ్గా ఉన్నవాడు. వచ్చిన రోజే అందరి నెత్తిమీది కాగితాలూ దింపించి పక్కగదిలో పెట్టించాడు. ఎలుకలు సంతోషించాయి. కూలీల నకళ్ళు ఎవరూ అడగలేదు. అన్సెల్మో తన కాగితం ఇంటికి తెచ్చుకున్నాడు.

తలమీద బరువు లేని మనిషి మొదట చేసే పని కిందికి చూడటం. ఒకనాడు కొత్త దొర వీధిలోకి వస్తే కాళ్ళ దగ్గర కాలువ నిండా నీళ్ళు పారుతున్నాయి.

"ఈ జలము ఏ ఉత్తర్వు మేరకు ప్రవహించుచున్నది?"

దోన్ మాతియాస్ పుస్తకాలు చూశారు. కాలువ బాగైనట్టు ఎక్కడా లేదు. ఆయన నెత్తిన ఉన్న కాగితం ఎలుకల గదిలో ఏ అడుగున ఉందో తెలియదు. "ఉత్తర్వు లేదు ఏలినవారూ. అక్రమ జలము."

"అయినచో మూసివేయుడు."

మూయడానికి నలభై మందిని పిలిచారు. ఈసారి వాళ్ళ నెత్తిన ఏమీ లేదు, వంగగలరు. అన్సెల్మో కూడా ఉన్నాడు. పార పట్టుకుని నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. కిందిపేట అంతా వీధిలోకి వచ్చింది. ఇనేస్ చంకలో పిల్లతో ముందు నిలబడింది. లోయదారి ఇప్పుడు లేనే లేదు.

అప్పుడే పెట్రోనా కుంట దగ్గర కుండ నింపుకుని, నెత్తిన పెట్టుకుని, పిల్ల స్నానానికని వస్తోంది. గుంపు చూసి ఆగింది.

"ఏంటి సంగతి?"

"కాలువకి ఉత్తర్వు లేదంట అత్తా," అంది ఇనేస్. "కప్పెట్టేస్తారంట."

"ఎవరన్నారు లేదని? ఉంది."

"ఎచ్చట?" అన్నాడు కొత్త దొర.

"నెత్తిమీద."

పెట్రోనా కుండ దించి కోడలికిచ్చింది. కుండ కింద పెట్టుకునే చుట్ట తీసింది. అందరూ గుడ్డతో చుట్టుకుంటారు, ఆవిడది కాగితం. మెలితిప్పి గుండ్రంగా చుట్టి ఉంది. విప్పి చదును చేసింది. కుండ కారిన నీళ్ళకి నాని ముద్దగా ఉంది, కాని ముద్ర చెక్కుచెదరలేదు. మంచి మైనం. కిందిపేట కాలువ వానలకు మునుపే బాగుచేయవలెను, అని లూకాస్ గుండ్రటి చేతిరాత.

"మా అబ్బాయిది," అంది. "రెండేళ్ళు వాడు మోశాడు. ఇంటికి తెచ్చాక కూడా ఎవరమూ కింద పడెయ్యలేదు. పగలు నేను మోస్తాను, నాకు కుదరనప్పుడు కోడలు."

కొత్త దొర లూకాస్ వైపు చూశాడు. లూకాస్ దేనికీ ఆశ్చర్యపోడని చెప్పాను గదా. "సక్రమమైనదే ఏలినవారూ. రాజముద్ర ఉంది. రాజముద్ర చూశాక ఏం చెయ్యాలో తమకి తెలుసు."

తెలుసు. టోపీ తీశాడు. కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ముద్ర మీద ముద్దు పెట్టుకున్నాడు. ఊరంతా చూస్తుండగా నడినెత్తిన పెట్టుకున్నాడు.

పెట్టుకోగానే అది పిండినట్టయి, నీళ్ళు ఆయన నుదుటి మీదుగా, ముక్కు మీదుగా, గడ్డం మీదుగా కారాయి. నలభై మందీ పారలు దించారు.

కిందిపేటకి నీళ్ళు వచ్చాయని ఆ దేశపు ప్రభుత్వానికి తలకెక్కడం అదే మొదటిసారి.